7వ తరగతి లెక్క: జవాబు 220 ఎలా వస్తుందో చెప్పగలరా?

ఏడో క్లాసు పాప అమ్మ
అందరికీ నమస్తే. మా పాపకి హోంవర్క్‌లో ఇచ్చిన లెక్క ఇది: ఒక దీర్ఘచతురస్రాకార స్థలం పొడవు, వెడల్పుకు రెట్టింపు కంటే 6 అడుగులు ఎక్కువ. చుట్టుకొలత 192 అడుగులు. వైశాల్యం ఎన్ని చదరపు గజాలు? జవాబు 220 అని ఉంది. పాప వెడల్పుని "వె" అని పెట్టుకుని 3వె + 6 = 192 అని రాసింది. వెడల్పు 62, పొడవు 130 వచ్చాయి. గుణించి 3తో భాగిస్తే 2686 వచ్చి ఇంకా 2 మిగులుతోంది. గజానికి 3 అడుగులే కదా? రాత్రి పదింటి దాకా కూర్చున్నాం, చివరికి ఏడుస్తూ పడుకుంది. ఎక్కడ తప్పుతున్నామో కొంచెం వివరంగా చెప్పండి.

లెక్కల టీచర్
అమ్మా, పొడవుని 2వె + 6 అని రాయడం కరెక్టే, చాలామంది పిల్లలు తడబడేది అక్కడే, మీ పాప అది దాటేసింది. కానీ ఒక వెడల్పు, ఒక పొడవు కలిపి ఆపేసింది, అంటే స్థలం చుట్టూ సగం దూరమే నడిచినట్టు. బొమ్మ గీయించి నాలుగు పక్కలా కొలతలు రాయించండి, ఒక మూల మీద వేలు పెట్టి మళ్లీ ఆ మూలకే వచ్చేదాకా కూడమనండి. 6వె + 12 = 192 వస్తుంది. 12 తీసేస్తే 180, వెడల్పు 30, పొడవు 66. తర్వాత తప్పకుండా సరిచూడమనండి: 30 + 66 + 30 + 66 = 192. నిన్న 62, 130తో ఇలాగే కూడి ఉంటే 384 వచ్చేది, తప్పు అక్కడే తెలిసిపోయేది.

ప్లాట్లు కొలిచేవాణ్ణి
గజాల సంగతి నేను చెప్తానండి, రోజూ చేసే పనే. గజం అంటే 3 అడుగుల పొడవు. చదరపు గజం అంటే అటు 3, ఇటు 3 అడుగులున్న గడి, అందులో అడుగు గడులు 9 పడతాయి. మనం "200 గజాల ప్లాటు" అనేస్తాం, చదరపు అనే మాట ఎగిరిపోతుంది, పిల్లలకి తికమక అందుకే. 30 × 66 = 1980, దాన్ని 9తో భాగిస్తే 220. ఇంకా తేలిక కావాలంటే ముందే గజాల్లోకి మార్చేయండి: 10 × 22. గుంట కూడా ఇలాగే, 33 అడుగులకి 33 అడుగులు, అంటే 11 × 11 = 121 గజాలు. అలాంటివి 40 అయితే ఎకరం, 4840 గజాలు. ఆంధ్రా వైపు సెంట్లలో చెప్తారు, సెంటుకి 48.4 గజాలు.

డిగ్రీ స్టూడెంట్
పాప రాసిన 3వె + 6 కొట్టేయక్కర్లేదు అక్కా. అది సగం చుట్టు కాబట్టి 192 బదులు 96 పెడితే చాలు. 96లో 6 తీసేస్తే 90, మూడో వంతు 30.

లెక్కల టీచర్
అవును, అదే చెప్పండి పాపకి. తను వేసిన దారి సగం కరెక్టని తెలిస్తే ధైర్యం వస్తుంది.

ఏడో క్లాసు పాప అమ్మ
చాలా థాంక్స్ అండీ అందరికీ. పొద్దున 96 పెట్టమనగానే తనే చేసేసింది. తర్వాత టేపు తీసుకుని మా డాబా కొలిచింది, 27 అడుగులు, 36 అడుగులు. 9 × 12, 108 గజాలు అంది. గుంట కావాలంటే ఇంకా 13 గజాలు తక్కువట.