డ్రయర్ తిరగట్లేదు, ఊరికే మూలుగుతోంది. మోటారే పోయిందంటారా?

పర్లాకిమిడి_అమ్మాయి:
మాది సెమీ ఆటోమేటిక్ మిషన్, కొని తొమ్మిదేళ్లయింది. ఉతికే వైపు బాగానే ఉంది, పేచీ అంతా డ్రయర్ వైపే. మూత వేసి టైమర్ తిప్పితే లోపల్నుంచి ఊఁ అని మూలుగు తప్ప టబ్బు కదలదు, నిమిషం ఆగితే కాలిన వాసన. ఇక్కడ వారం నుంచి ముసురు, ఇంట్లో చంటిబిడ్డ. వరండాలో కట్టిన తాళ్ల మీద బట్టలు మూడో రోజుకి కూడా చల్లగా, ముక్కిన వాసన కొడుతున్నాయి. వీధి చివర మెకానిక్‌ని పిలిస్తే వెనక మూత కూడా విప్పకుండా, చెవి పెట్టి విని, మోటారు కాలిపోయింది 2800 అవుతుందన్నాడు. మిగతాదంతా ఒడియాలో మాట్లాడాడు గానీ రేటు మాత్రం స్పష్టంగా తెలుగులో చెప్పాడు. నమ్మమంటారా?

రాయగడ_మిస్త్రి:
అమ్మా, ముందు ఆ ప్లగ్గు పీకేయండి. ఇంకోసారి ఆన్ చేసి చూద్దామనుకోవద్దు. తిరగకుండా మూలిగే మోటారు మామూలుకంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ వేడికి వైండింగు (మోటారు లోపలి తీగ చుట్ట) మీది వార్నిష్ వాసనొస్తుంది. ఇప్పటిదాకా కాలకపోయినా ఇలా నాలుగుసార్లు చూస్తే నిజంగానే కాలి, ఆయన మాటే నిజమవుతుంది.
మూలుగు వస్తోందంటే కరెంటు మోటారు దాకా వెళ్తున్నట్టే. టైమరు గానీ మూత కింద స్విచ్చి గానీ పోతే అసలు చప్పుడే ఉండదు. కాబట్టి అనుమానం కెపాసిటర్ (మోటారు తిరగడం మొదలెట్టడానికి ఊపునిచ్చే చిన్న డబ్బా) మీదా, బ్రేకు మీదా, లేదంటే టబ్బు ఎక్కడో పట్టేసిందా అన్నదాని మీదా పెట్టుకోండి. స్టార్టింగ్ వైండింగు తెగినా ఇలాగే మూలుగుతుంది, అది ఆఖర్న చూద్దాం.
ప్లగ్గు తీసి, వెనక మూత విప్పి, డ్రయర్ మూత వేసే ఉంచి, మోటారు మీద గుండ్రంగా ఉండే బ్రేకు డ్రమ్ముని చేత్తో తిప్పండి. హాయిగా తిరగాలి. మూత తీస్తే తీగ వదులై బ్రేకు పట్టుకోవాలి. మూత వేసినా పట్టుకునే ఉందంటే ఆ తీగ సాగిందో కొక్కెం జారిందో, దానికి మోటారు మార్చక్కర్లేదు. కెపాసిటర్ చాలా మిషన్లలో రెండు మోటార్లకీ కలిపి ఒకటే డబ్బా, డ్రయర్‌ది 4, 5 మైక్రోఫారడ్ల దాకా ఉంటుంది. ప్లగ్గు తీసినా దాంట్లో ఛార్జ్ నిలవుంటుంది, వైర్ల కొసలు ముట్టుకోవద్దు. విప్పే ముందు హోల్డరుకి బల్బు పెట్టి దాని వైర్లు తగిలించి ఛార్జ్ తీసేయాలి. అలవాటు లేకపోతే అదొక్కటీ ఎవరిచేతైనా చేయించండి.

గుణుపురం_బాబు:
ఇంత కథ ఎందుకండీ, మాదీ ఇంతే. మూత తీసి టబ్బుని చేత్తో ఒక్క తిప్పు తిప్పి మూత వేసేస్తాం, పరుగే పరుగు. రెండేళ్లయింది.

రాయగడ_మిస్త్రి:
తమ్ముడూ, మూత తీసినా నీ టబ్బు చేత్తో తిరుగుతోందంటే నీ బ్రేకు పోయినట్టు. తోస్తే గానీ కదలట్లేదంటే కెపాసిటర్ కూడా నీరసపడినట్టు. నీకున్నవి రెండు రిపేర్లు. నిమిషానికి 1300 సార్లు తిరిగే టబ్బు అది, ఆగకముందే ఎవరైనా చెయ్యి పెడితే తడి తువ్వాలు చేతికి చుట్టుకుని లాగేస్తుంది. ఈ చిట్కా ఎవరికీ చెప్పకు బాబూ.

జయపురం_వదిన:
వోల్టేజీ కూడా చూసుకోండి. మా వీధిలో రాత్రి ఎనిమిదింటికి 180 చూపిస్తుంది. మా ఇంజనీర్ మరిది లెక్క కట్టి చెప్పాడు, 230 బదులు 180 వస్తే మోటారుకి లేచే బలం 61 శాతమే మిగులుతుందట. బట్టలు నిండా కుక్కి అప్పుడు వేస్తే మూలగక ఏం చేస్తుంది? నేను పొద్దున్నే, సగం టబ్బుతో వేస్తాను. ఇంకోటి, మిషన్ కింద జాలీ లేకపోతే ఎలకలు దూరతాయి. మాకు వైర్లు కొరికి పెట్టాయి.

పర్లాకిమిడి_అమ్మాయి:
అందరికీ థాంక్స్, దొరికింది! మిస్త్రిగారు చెప్పినట్టు మూత వేసి తిప్పితే సగం చుట్టు వచ్చి గరగరమంటూ ఆగిపోయింది. బ్రేకు తీగ బాగానే ఉంది. మా తమ్ముడు డ్రమ్ము దగ్గర బోల్టు వదులు చేసి టబ్బు పైకి లాగాడు. అడుగున, ఇరుసు చుట్టూ జనపనార తాడులా పేనుకుపోయి నల్లగా ఏదో ఉంది. కత్తెరతో ముక్కలు చేసి లాగితే మా బాబు సాక్స్, దానికి మా అత్తగారి లంగా బొందు మెలిక! కెపాసిటర్ కూడా ఎందుకైనా మంచిదని తమ్ముడు తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో విప్పించి పాతపట్నం తీసుకెళ్లాడు. షాపాయన మీటరు పెడితే 5కి 4.7 చూపించిందట, బాగానే ఉంది బాబూ అని ఏమీ అమ్మకుండా పంపేశాడు. ఇప్పుడు టబ్బు గిర్రున తిరుగుతోంది, మోటారు వేడెక్కట్లేదు. కానీ టబ్బులో వేసిన సాక్స్ బయటికి, కిందికి ఎలా వెళ్తుంది?

రాయగడ_మిస్త్రి:
బట్టల మీద నొక్కి పెట్టడానికి చిల్లుల ప్లాస్టిక్ మూత ఒకటి ఇస్తారు, అది పెట్టకపోతే చిన్న బట్టలు తిరిగేటప్పుడు అంచు మీంచి ఎగిరి రెండు టబ్బుల మధ్య సందులో పడతాయి. మీది ఉందా? ఇంకో మాట, అడుగున రబ్బరు సీలు ఆ రాపిడికి కోసుకుపోయి ఉండొచ్చు. ఓ గ్లాసుడు నీళ్లు పోసి మోటారు మీద బొట్లు పడుతున్నాయేమో చూసి, ఆ తర్వాతే వాడండి.

పర్లాకిమిడి_అమ్మాయి:
పోసి చూశాను, చుక్క పడలేదు. ఆ చిల్లుల మూత ఉందండీ, వంటింట్లో. మా అమ్మ దాంట్లో ఆకుకూర కడిగి నీళ్లోడుస్తోంది, అది మిషన్‌దని ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. సాక్స్ రెండోదేమో, జత పోయిందని ఆర్నెల్ల కిందటే పారేశాం.