చనిపోయాడనుకున్న మనిషి తిరిగొస్తే డిటెక్టివ్ ఎటునుంచి తవ్వాలి?

పాతకాగితం:
"డిటెక్టివ్ విచర్ లేకపోతే టిచ్‌బోర్న్ ఆస్తి ఆ కసాయి చేతికి పోయేదే" అని మొన్న ఇక్కడ ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. కేసు తెలియనివాళ్లకి: ఇంగ్లండ్‌లో ఒక పెద్ద జమీందారీకి వారసుడైన రోజర్ టిచ్‌బోర్న్ ఎక్కిన బెల్లా ఓడ 1854 ఏప్రిల్‌లో బ్రెజిల్‌లోని రియో నుంచి బయల్దేరి గల్లంతైంది. తల్లి నమ్మలేదు, పత్రికల్లో ప్రకటనలు వేయించింది. ఆస్ట్రేలియాలోని వాగా వాగాలో మాంసం కొట్టే టామ్ కాస్ట్రో 'నేనే రోజర్' అన్నాడు. 1867 జనవరిలో పారిస్‌లో ఆవిడ చూసి నా కొడుకే అంది. మిగతా కుటుంబం పోలీసు ఉద్యోగం నుంచి రిటైరైన జొనాథన్ విచర్‌ను పెట్టుకుంది. కాస్ట్రో కేసును కూల్చింది విచరా, ఒంటిమీద లేని పచ్చబొట్టా?

నల్లకోటు:
విచరే. రోజర్ కాడని వందమందిని తెస్తే, అవునని చెప్పడానికి అటువైపు వందమంది సిద్ధం. ఆయన ప్రశ్నే మార్చేశాడు: రోజర్ కాకపోతే మరెవరు? 1866 క్రిస్మస్ రోజున లండన్‌లో దిగినవాడు ఆ సాయంత్రమే వాపింగ్ రేవుపేటకి పోయి, గ్లోబ్ అనే సారాకొట్లో కసాయి ఆర్టన్ కుటుంబం ఎక్కడుందని వాకబు చేశాడు. జమీందారు బిడ్డకి వాపింగ్ కసాయి ఇంటితో ఏం పని? అటు ఆస్ట్రేలియాలో కాస్ట్రో ఫోటో చూపించి తిరిగిన, కుటుంబం తరఫు ఏజెంటు మెకెంజీకీ ఆర్థర్ ఆర్టన్ అనే పేరే దొరికింది. ఆర్టన్ పాత ప్రియురాలు కూడా గుర్తుపట్టింది.

పాతకాగితం:
కన్నతల్లి గుర్తింపు చెల్లదు, పాత ప్రియురాలిది చెల్లుతుందా అన్నా? ఆస్తి కోసం కాస్ట్రో వేసిన సివిల్ దావా 1872లో ఎలా పోయిందో చూడండి. రోజర్‌తో చదువుకున్న లార్డ్ బెల్యూ, అతని ఒంటిమీద పచ్చబొట్లు ఉండేవన్నాడు. ఇతనికి లేవు. జ్యూరీ ఇక చాలంది. పారిస్‌లో పెరిగినవాడికి ఫ్రెంచి రాకపోవడం మరో విడ్డూరం.

నల్లకోటు:
అది సివిల్ దావా. 188 రోజులు నడిచిన క్రిమినల్ విచారణలో 'నేను ఆర్టన్‌ని కాను' అన్నదీ అబద్ధపు సాక్ష్యమేనని తేల్చారు. 1874లో పడిన 14 ఏళ్ల శిక్షలో వాపింగ్ పాత్ర లేదంటారా?

గోదారిగట్టు:
మన దగ్గరికి రండి. బెంగాల్‌లోని భవాల్ జమీందారీ వారసుల్లో రెండోవాడు, అంటే రెండో కుమార్, 1909లో డార్జిలింగ్‌లో పోయాడన్నారు. 1921లో ఢాకా దగ్గరి జయదేవ్‌పూర్‌లో ఒక సన్యాసి నేనే కుమార్‌ని అన్నాడు. ఎదుటిపక్షం సరిగ్గా విచర్ దారే పట్టింది: ఫోటో పట్టుకుని పంజాబ్ పోయి, ఇతను ఔజ్లా ఊరి మాల్ సింగ్ అని తేల్చారు. కోర్టు నమ్మలేదు. ఎడమ చీలమండ దగ్గరి మచ్చ, పాదాల మీద పొలుసుల చర్మం నిలబడ్డాయి. 1946లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో మనకి ఆఖరి అప్పీలు కోర్టు) దాకా సన్యాసే గెలిచాడు.

క్లెయిమ్‌డెస్క్:
ఇప్పుడైతే డీఎన్‌ఏ ఉందిగా అంటారేమో. తల్లి బతికుంటే పని తేలిక. అన్నదమ్ములే మిగిలితే వై క్రోమోజోమ్ పరీక్ష ఒక్కదాన్నే నమ్మకండి. అది తండ్రివైపు మగవాళ్లందరిలో దాదాపు ఒకేలా ఉంటుంది, పెదనాన్న కొడుకు వచ్చి నిలబడినా సరిపోతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ముందు చూడాల్సింది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. గల్లంతుకు ముందు ఆ మనిషి భూమి అమ్మి ఉంటే వేలిముద్రల రిజిస్టరులో బొటనవేలి ముద్ర ఉండాలి. డిటెక్టివ్ చేతికి దాన్ని ఇవ్వరు. దస్తావేజు నంబరు, సంవత్సరం పట్టుకుని లాయరుకిస్తే కోర్టు తెప్పించి నిపుణుడికి పంపుతుంది. ముద్ర అలుక్కుపోయి ఉంటే మాత్రం ఆ దారి మూసుకుపోయినట్టే. కాల్ రికార్డులు దొంగతనంగా తీయించారంటే మీ మీదే కేసు.

సాక్షికి ఒక్క ఫోటో చూపించొద్దు. అదే వయసు, అదే ఒడ్డూపొడుగు ఉన్న మరో అయిదారుగురి ఫోటోల్లో కలిపి, అసలు మనిషి ఎవరో తెలియని వ్యక్తితో చూపించండి.

పాతకాగితం:
ఏడేళ్ల రూలు సంగతి?

క్లెయిమ్‌డెస్క్:
పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 108, దాని స్థానంలో వచ్చిన 2023 చట్టంలో 111. ఏడేళ్లు ఆచూకీ లేకపోతే, బతికే ఉన్నాడనేవాళ్లే రుజువు చూపాలి. ఏ తేదీన పోయాడో ఆ సెక్షన్ చెప్పదు. మనిషి వచ్చి నిలబడి తానెవరో రుజువు చేసుకుంటే ఆ ఊహ అక్కడితో సరి.

నల్లకోటు:
భవాల్ మాట ఒప్పుకుంటాను. కానీ విచర్ ఫోటో ఒక్కదానిమీదే ఆధారపడలేదు. వాపింగ్‌కి వెళ్లింది ఆ కాస్ట్రోయే, తన కాళ్లతో.