పికింగ్ గురించి, బతుకుతెరువు గురించి మా గిటార్ మాస్టారిని అడిగినవి

తోటపాలెం_తీగ:
విజయనగరంలో చాలాకాలంగా గిటార్ నేర్పుతున్న ఒక మాస్టారిని కూర్చోబెట్టి ప్రశ్నలడిగాను. పేరు రాయొద్దన్నారు, రాయను. మీ అనుభవాలు కూడా కలపండి.

ముందు నా గోడు. ఒకే తీగ మీదైతే చెయ్యి బాగానే పరిగెడుతుంది, తీగ మారేసరికి పిక్ (తీగని మీటే చిన్న బిళ్ళ) ఇరుక్కుంటుంది. మాస్టారు నా ఎడమచెయ్యి వైపు చూడనే లేదు. "ఆఖరి స్ట్రోక్ ఎటు కొట్టావు?" అన్నారు. పైకి. "కొట్టాక పిక్ ఎక్కడుంది?" చూస్తే రెండు తీగల మధ్య ఉంది. అక్కణ్ణించి ఎత్తి, తీగ దాటించి, మళ్ళీ దించాలి. స్పీడులో అంత తీరిక ఎక్కడిది?

అప్పుడు పిక్‌ని కొంచెం వాల్చి పట్టించారు, పైకి కొట్టినప్పుడల్లా అది తీగల్లోంచి బయటికొచ్చేసేలా. కింది స్ట్రోక్‌తో మొదలుపెట్టి ఒక్కో తీగ మీద రెండో నాలుగో స్వరాలు వాయిస్తే, ప్రతి తీగా పై స్ట్రోక్‌తోనే ముగుస్తుంది. పిక్ బయటే ఉంటుంది కాబట్టి ఎటైనా వెళ్ళొచ్చు. మూడేసి స్వరాలొస్తే మాత్రం లెక్క మారిపోతుంది. తర్వాత తీగ పై స్ట్రోక్‌తో మొదలవుతుంది. నాకు తంటా అంతా అక్కడే.

నాగావళి_గట్టు:
మూడేసి స్వరాలకి ఎకానమీ పికింగ్ ట్రై చెయ్యి తమ్ముడూ. కింద, పైన, కింద, అదే ఊపులో పక్కనున్న సన్న తీగ మీదికి మళ్ళీ కింద. ఫ్రాంక్ గాంబాలె అనే గిటారిస్టు వాయించేది చూడు, తెలుస్తుంది. చెయ్యికి పని తగ్గుతుంది గానీ తీగ మారే చోట లయ ముందుకు తోసుకుపోతుంది. మెట్రోనోమ్ (టిక్ టిక్‌మంటూ లయ చూపే పరికరం) లేకుండా దీని జోలికి పోవద్దు.

తోటపాలెం_తీగ:
మెట్రోనోమ్ గురించి కూడా అడిగానన్నా. నిమిషానికి 60 దెబ్బల దగ్గర మొదలెట్టి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవడం అందరూ చెప్పేదే కదా. ఆయన ఒప్పుకోలేదు. మెల్లగా వాయించేటప్పుడు మోచెయ్యి, మణికట్టు, వేళ్ళు ఏది కదిలినా నడిచిపోతుందట, వేగంలో ఆ కదలికే పనికి రాదట. ముందు ఒకే తీగ మీద, టెన్షన్ లేకుండా ఎంత స్పీడు వస్తే అంత కొట్టి చూడమన్నారు. అప్పుడు చెయ్యి ఎలా కదిలిందో గమనించి, అదే కదలికతో మెల్లగా సాధన చెయ్యాలి. భుజం బిగిస్తే అక్కడితో ఆపెయ్యాలి.

బొబ్బిలి_మెట్లు:
నేను వీణ నేర్చుకుని గిటార్‌కి వచ్చిన మనిషిని. వీణ మీద చూపుడువేలు, మధ్యవేలు రెండూ కిందికే మీటుతాయి, పైకి మీటేది చిటికెన వేలు, అదీ తాళం తీగల మీద. అందుకే నాకు పై స్ట్రోక్ ఎంతకీ బలంగా రాలేదు. పై స్ట్రోక్‌తోనే మొదలుపెట్టి సరళీస్వరాలు వాయించాక దారికొచ్చింది.

ఇంకోటి. ప్రతి స్వరానికీ పిక్ కొడితే మన రాగాలు ముక్కలైపోతాయి. ఒక్క మీటుకి రెండు మూడు స్వరాలు లాగాలి. పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ గారు పిక్‌తోనే గమకం పలికించారు కదా. ఎక్కడ కొట్టకూడదో ఆయన్ని విని నేర్చుకోవాలి.

కోట_జంక్షన్:
పిక్ మందం సంగతేంటి? నా దగ్గర 0.46 మి.మీ. ఉంది. స్ట్రమ్మింగ్‌కి (తీగలన్నీ కలిపి కొట్టడానికి) హాయిగా ఉంది, లీడ్ (విడివిడి స్వరాలు) వాయిస్తే వంగిపోతోంది.

నాగావళి_గట్టు:
లీడ్‌కి 0.88 లేదా 1 మి.మీ. తీసుకో. వేళ్ళ బయటికి మొన మాత్రమే కనపడేలా పట్టుకో. ఎక్కువ బయటికి పెడితే ఎంత మందం పిక్కైనా తీగకి తగులుకుంటుంది.

కోట_జంక్షన్:
థాంక్స్ అన్నా. అసలు సంగతి చెప్పండి, గిటార్ నేర్పి ఇల్లు గడుస్తుందా? మా నాన్న అడిగేది అదొక్కటే.

తోటపాలెం_తీగ:
మొహమాటం లేకుండా అదే అడిగాను. ఆయన మొదలైంది చర్చిలో. ఆదివారం ఆరాధనలో పాడేవాళ్ళు ఏ శ్రుతిలో ఎత్తుకుంటారో తెలీదు, అప్పటికప్పుడు కేపో (తీగలన్నిటినీ నొక్కి శ్రుతి పెంచే క్లిప్) బిగించి కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) అందుకోవాలి. చెవి అక్కడే తయారైందన్నారు. తర్వాత పెళ్ళిళ్ళు, పండగలకి ఆర్కెస్ట్రా. సిరిమాను సంబరాలప్పుడు చేతి నిండా పని, మూఢం వస్తే ఖాళీ. ఒక ప్రైవేట్ స్కూల్లో కొన్నాళ్ళు చేశారు. వార్షికోత్సవం అయ్యాక జీతం కోసం తిప్పించుకున్నారట.

ఇప్పుడు ఆయనకి నిలకడగా డబ్బొచ్చేది పాఠాల మీదే. వేసవిలో ఇంటి నిండా పిల్లలు. జూన్‌లో ఇంటర్‌లో చేరగానే సగం మంది మానేస్తారు. ఆ లోటు అమెరికాలో ఉన్న మన పిల్లల ఆన్‌లైన్ క్లాసులు పూడుస్తున్నాయి, కాకపోతే తెల్లవారుజామునే లేవాలి. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ళ సంగీత పరీక్షల గ్రేడ్లు 1 నుంచి 8 దాకా ఉన్నాయి కదా, వాటికి తయారు చేసే మాస్టారంటే తల్లిదండ్రులు ఫీజు దగ్గర బేరమాడరట. వీడియో పంపి పరీక్ష ఇచ్చే వీలు కూడా ఉంది కాబట్టి మన ఊళ్ళో ఉండే చేయించొచ్చు.

బొబ్బిలి_మెట్లు:
మన ఊళ్ళో గిటార్‌కి విలువ లేదనేవాళ్ళకి ఒక మాట. వయొలిన్ కూడా బయటి నుంచి వచ్చిందే. 1919లో మహారాజా వారి సంగీత కళాశాల పెట్టినప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఇక్కడ వయొలిన్ చెప్పడానికే చేరారు.

నాగావళి_గట్టు:
అది నిజమే గానీ అక్కా, ఆ కళాశాలకి రాజుగారి అండ ఉండేది. మనకి నెలాఖరు ఫీజులే దిక్కు.

కోట_జంక్షన్:
మరి డిగ్రీ మానేసి పూర్తిగా ఇందులోకి దిగొచ్చంటారా?

తోటపాలెం_తీగ:
వద్దన్నారు. డిగ్రీ చదువుతూనే ఇంటి దగ్గర నలుగురు పిల్లలకి చెప్పి చూడమన్నారు. చిన్నపిల్లాడి చేతిలో పిక్ వంకరగా ఉంటే విసుక్కోకుండా పదిసార్లు సరిచెయ్యగలవో లేదో అప్పుడే తేలిపోతుందట. బాగా వాయించేవాళ్ళలో చాలామంది అక్కడే చేతులెత్తేస్తారన్నారు.