కేటలిటిక్ కన్వర్టర్ మార్చాలంటున్నారు. బయటి కంపెనీ పార్టు వేయించవచ్చా?

ప్రశ్న (కడప నుంచి):

పెద్దలందరికీ నమస్కారం. నా దగ్గర 2017 జూన్‌లో కొన్న బీఎస్-4 (భారత్ స్టేజ్-4 పొగ ప్రమాణాల) పెట్రోలు కారు ఉంది. ఇప్పటికి 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. ఉద్యోగరీత్యా వారానికి రెండుసార్లు రాయచోటి వెళ్లి రావాలి. మూడు నెలలుగా గువ్వలచెరువు ఘాట్‌లో బండికి పికప్ బాగా పడిపోయింది. ఇదివరకు మూడో గేరులో ఎక్కిన మలుపుల దగ్గర ఇప్పుడు రెండో గేరు వేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా, ఇంజిను ఊపిరాడనట్టు మూలుగుతూ ఎక్కుతోంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టించాను. పి0420 కోడ్ వచ్చింది, సైలెన్సర్ దారిలో పొగను శుద్ధిచేసే కేటలిటిక్ కన్వర్టర్ మార్చాలన్నారు. షోరూములో ఒరిజినల్ కన్వర్టర్‌కు 46,000 రూపాయలు అడుగుతున్నారు. మా మెకానిక్ బయటి కంపెనీ పార్టు 12,000కు తెప్పిస్తానంటున్నాడు. ఇంకొకరు దాని లోపల సన్నని గదులతో ఉండే పింగాణీ తేనెపట్టును పగలగొట్టి ఖాళీ డబ్బాను మళ్లీ బిగిస్తే సరిపోతుందని చెప్పారు. ఒక విషయం దాచకుండా చెప్పాలి: నిరుడు మూడో సిలిండర్ ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిల్ పోయి ఇంజిను అదురుతున్నా, ఇంట్లో పెళ్లి పనుల వల్ల దాదాపు నెలన్నర అలాగే నడిపాను. నన్ను ఏం చేయమంటారు?

జవాబు (అనంతపురం నుంచి, షెడ్డు నడుపుతున్నాను):

మీరు చివర రాసిన మాటలోనే అసలు కారణం ఉన్నట్టుంది. కాయిల్ పనిచేయని సిలిండర్‌లో పెట్రోలు మండకుండానే సైలెన్సర్ దారి పడుతుంది. అక్కడ వేడెక్కి ఉన్న కన్వర్టర్‌లో అది మండుకుంటుంది. మామూలుగా 400 నుంచి 800 డిగ్రీల మధ్య పనిచేసే ఆ పింగాణీ తేనెపట్టు అంత వేడికి తట్టుకోలేక కరిగి, సన్నని గదులు మూసుకుపోతాయి. పోయిన నెలలో ఇటువంటి బండిదే విప్పి చూశాను. ముందు వైపు నుంచి టార్చి వేస్తే అవతలికి వెలుతురు రాలేదు. మధ్యలో అరచేతి మందాన కరిగి గాజులా మెరుస్తోంది, డబ్బా ఊపితే లోపల గులకరాళ్లు కదిలినట్టు చప్పుడైంది.

అయినా కోడ్ ఒక్కటి చూసి పార్టు కొనవద్దు. పి0420 అంటే కన్వర్టర్ శుద్ధిచేసే శక్తి తగ్గిందని కంప్యూటర్ అనుకుంటోందని మాత్రమే అర్థం. పొగ దారి మూసుకుపోవడం వేరే జబ్బు. రెండూ కలిసే రావచ్చు, విడివిడిగానూ రావచ్చు. కన్వర్టర్ ముందున్న ఆక్సిజన్ సెన్సార్‌ను విప్పి, ఆ రంధ్రంలో ప్రెషర్ గేజి బిగించి ఇంజిను నడపమనండి. 2,500 ఆర్‌పీఎం దగ్గర 3 పీఎస్ఐకి మించి చూపిస్తే దారి మూసుకుందనే లెక్క. స్కానర్‌లో వెనుక సెన్సార్ వోల్టేజీ 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉండాలి, ముందుదానిలాగే 0.1 నుంచి 0.9 మధ్య ఎగిరిపడుతుంటే తేనెపట్టు పనితనం పోయినట్టే. ఇంజిను నుంచి పొగ బయటికొచ్చే గొట్టం (మానిఫోల్డ్) ప్యాకింగ్ దగ్గర నల్లని మసి చారలున్నాయేమో కూడా చూడండి, ఎందుకంటే అక్కడ గాలి లీకైనా ఇదే కోడ్ రావచ్చు.

జవాబు (కర్నూలు నుంచి):

అనంతపురం అన్న చెప్పిన దానికి నా అనుభవం జోడిస్తాను. రెండేళ్ల క్రితం నా కారుకు బయటి పార్టే వేయించాను. ఎనిమిది నెలలకు అదే కోడ్ మళ్లీ వచ్చింది. పార్టు నాసిరకమని కొట్టువాడితో గొడవ పడ్డాను. తరువాత ప్లగ్గులు తీయించితే రెండో సిలిండర్ ప్లగ్గు మొన తడిగా, ఆయిలుతో నల్లగా జిడ్డు పట్టి ఉంది. వాల్వ్ సీళ్లు అరిగి ఇంజిను ఆయిలు తాగుతోంది, ఆ ఆయిల్లోని భాస్వరం తేనెపట్టు మీది ప్లాటినం పూతపై పొరలా పేరుకుని దాని పనిని ఆపేస్తుంది. సీళ్లు మార్పించకుండా 46,000 పెట్టి ఒరిజినల్ వేయించి ఉన్నా గతి అదే అయ్యేది. మీ బండి వెయ్యి కిలోమీటర్లకు ఎంత ఆయిలు తింటోందో ముందు డిప్ స్టిక్ తీసి రాసిపెట్టుకోండి.

బయటి పార్టులన్నీ ఒకటే కావు. చవక వాటిలో ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత పలచగా ఉంటుంది, అవి పొగను శుభ్రం చేసే శక్తి త్వరగా కోల్పోతాయి. మీ ఇంజిను సామర్థ్యానికి, బీఎస్-4కు సరిపోతుందని పెట్టెపై రాసి ఉన్నదే కొని, బిల్లు, గ్యారంటీ కాగితం తప్పకుండా తీసుకోండి. పాతదాన్ని మాత్రం ఊరికే వదిలేసి రావద్దు: అందులోని లోహాలకు పాత ఇనుము ధరకు మించి విలువ ఉంటుంది.

ఇక ఖాళీ డబ్బా సలహా ఇచ్చిన వారి మాట వినకండి. బీఎస్-4 పెట్రోలు కారు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. తేనెపట్టు లేకపోతే పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో నెగ్గడం కష్టం. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద పది వేల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు పడవచ్చు. అన్నిటికంటే, ఆ పొగ సిగ్నల్ దగ్గర మన వెనుక మోటారు సైకిల్ మీద ఆగినవారి ముక్కులోకే పోతుంది.

ప్రశ్న అడిగినవారు (పన్నెండు రోజుల తరువాత):

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. గేజి పెట్టిస్తే 2,500 ఆర్‌పీఎం దగ్గర 5 పీఎస్ఐ చూపింది. డబ్బా విప్పితే సగం గదులు కరిగి అతుక్కుని ఉన్నాయి. ప్లగ్గులు పొడిగానే ఉన్నాయి, వెయ్యి కిలోమీటర్లకు ఆయిలు గుర్తు కొద్దిగానే దిగింది. కాయిల్ నిరుడే మార్పించాను కాబట్టి బయటి కంపెనీ పార్టే, కాకపోతే కొంచెం ఖరీదైనది, 17,500కు గ్యారంటీతో తీసుకున్నాను. ప్యాకింగులు కొత్తవి వేశారు. నిన్న గువ్వలచెరువు ఘాట్ పై దాకా మూడో గేరులోనే ఎక్కాను.

జవాబు (అనంతపురం నుంచి):

సంతోషం. సెన్సార్ మర పట్టేయకుండా పూసే పేస్టు దాని మొనకు తగలకుండా బిగించారా అని మీ మెకానిక్‌ను ఒకసారి అడగండి. కోడ్ చెరిపేశాక కనీసం రెండు మూడు వందల కిలోమీటర్లు ఊళ్లోనూ, హైవే మీదా నడిపి, స్కానర్‌లో కేటలిస్ట్ పరీక్ష పూర్తయిందని చూపించాకే పొల్యూషన్ పరీక్షకు వెళ్లండి. ఎప్పుడైనా ఇంజిను మళ్లీ అదిరిందంటే ఆ రోజే బండి ఆపి కాయిల్ చూపించండి.