నాగావళి గట్టు మీద నడకదారికి నిధులు ఎవరిని అడగాలి?

గట్టుమీద టీచరమ్మ

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. 31 ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు తెల్లవారగానే నాగావళి గట్టు మీద నడవడమే నా ఉద్యోగం. మేం మొత్తం పదకొండు మందిమి, అందులో నలుగురికి సుగరు, ఇద్దరికి మోకాళ్లు. ఒకాయన మాత్రం ఇంట్లో పేపరు చదవనివ్వరని వస్తాడు.

గుడివీధి కోటేశ్వరస్వామి గుడి దగ్గర బయల్దేరి ఏటి వెంబడే దిగువకు నడుస్తాం. కొంత దూరం బాగానే ఉంటుంది. ఊళ్లో మురుగంతా మోసుకొచ్చే ఒక గెడ్డ ఏట్లో కలిసే చోట దారి తెగిపోతుంది. దాని మీద ఎవరో పాత సిమెంటు కరెంటు స్తంభం అడ్డంగా పడేశారు, మా వంతెన అదే. మొన్న శ్రావణంలో మా జట్టులో ఒకావిడ దాని మీంచి జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచి అక్కడే వెనక్కి తిరిగేస్తున్నాం. అసలు బాగుండేది అవతలి సగమే. ఏరుమద్ది చెట్లు, ఎండాకాలంలో కూడా నీడ. ఇవతల పోరంబోకు ముక్కలో మాత్రం కోళ్ల దుకాణాల వ్యర్థాలు, కుక్కలు.

మేం అడిగేది పెద్దదేమీ కాదు. గెడ్డ మీద చిన్న వంతెన, గట్టు వెంట మట్టి నడకదారి, ఆ చెత్త ముక్కలో నాలుగు బల్లలు, పిల్లలకి ఉయ్యాల. పొడవు మేమే కొలిచాం, 1,340 మీటర్లు. నా దగ్గరున్నది స్కూల్లో ఆటలపోటీలకి వాడిన 30 మీటర్ల టేపు, 45 సార్లు పరిచాం.

అర్జీలు పెట్టాను. ఒక ఆఫీసులో నిధులు లేవన్నారు. ఇంకో ఆఫీసులో అది మా పరిధి కాదన్నారు. మా మేనల్లుడు అమెరికాలో ఉంటాడు. వాళ్ల ఊళ్లో వాగు వెంట నడకదారికి మున్సిపాలిటీయే గ్రాంటుకి దరఖాస్తు చేసుకుంటుందట. 1965లో పుట్టిన ఒక నిధి ఇప్పుడు సముద్రంలో చమురు తీసే కంపెనీలు ప్రభుత్వానికి కట్టే సొమ్ముతో నడుస్తోందట. సగం అది ఇస్తే సగం ఊరు వేసుకోవాలి. ఆ డబ్బుతో ఒకసారి పార్కు చేస్తే ఆ నేల ఇంక పార్కుగానే ఉండాలట. ఆ షరతు విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మనకి అలాంటిది ఏటైనా ఉందా? ఉంటే ఎవరి పేరు మీద అడగాలి?

పాత ఓవర్సీరు

టీచరు గారూ, నేను మున్సిపల్ ఇంజనీరింగులో చేసి దిగిపోయినవాణ్ని. డబ్బు సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఆ నేల ఎవరిది? మీ అర్జీలు రెండూ తిరిగి వచ్చీడానికి కారణం అదే. ఏటి గట్టు జలవనరుల శాఖది, పోరంబోకు రెవెన్యూది, గెడ్డలో పారే మురుగు కార్పొరేషన్‌ది. ఒక్కో ఆఫీసుకీ మీ 1,340 మీటర్లలో ఓ ముక్కే కనిపిస్తాది.

ముందు మండల సర్వేయరుని పట్టుకుని ఎఫ్ఎంబీ, అంటే కొలతలతో ఉండే భూమి పటం తీయించండి, సర్వే నంబర్లు రాసుకోండి. జలవనరుల శాఖ నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం తప్పదు. నదుల పరిరక్షణ చట్టం 1884 నాటిదైనా ఇంకా బతికే ఉంది. నది హద్దుల్లో కట్టడమంటే అనుమతి ఉండాల్సిందే. గట్టు మీద టైల్సు, సిమెంటు గోడలు అని రాసారంటే ఎన్ఓసీ ఆశ వదులుకోండి. గ్రావెల్ దారి, పక్కన వట్టివేరు, కానుగ అని రాయండి. ఒడిశాలో గట్టిగా వాన పడితే మన ఏరు ఎలా వస్తాదో మీకు చెప్పక్కర్లేదు. గట్టుని బలహీనం చేసే పని కాదని వాళ్లకి తెలియాలి.

ఇప్పుడు డబ్బు. 2021-26కి కేంద్రం ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో మనలాంటి ఊళ్లకి వచ్చినదాంట్లో 60 శాతానికి ముందే ముడి వేసీసారు. సగం పారిశుధ్యానికి, సగం తాగునీరు, వాననీటి సంరక్షణ లాంటి వాటికి. మిగిలిన 40 శాతమే కార్పొరేషన్ ఇష్టంగా ఉండేది. అలాంటి సొమ్ము మీద ఊరంతా కన్నేసి ఉంటాది, మీ బల్లలకి రాదు. కానీ గెడ్డ మురుగు ఏట్లో కలవకుండా ఆపడం, కోళ్ల చెత్త తీయడం పారిశుధ్యమే కదేటి? ఆ ముక్కని పారిశుధ్యం పద్దులో అడగండి. పట్టణాల కోసం కేంద్రం పెట్టిన అమృత్ 2.0 పథకంలో పార్కులకీ, నీటివనరుల బాగుకీ చోటుంది. లక్ష నుంచి పది లక్షల జనాభా ఉన్న ఊళ్లకి కేంద్రం మూడోవంతు ఇస్తాది, అదీ 20, 40, 40 శాతంగా మూడు విడతల్లో. అయితే 2021 అక్టోబరులో ఐదేళ్లకని మొదలైన పథకం అది. కొత్త పని ఎక్కించడం కష్టం.

వంతెనకి ఎంపీ నిధులు అడగండి. ఏటా 5 కోట్లు ఉంటాయి. ఎంపీ గారు సిఫార్సు చేస్తే కలెక్టరాఫీసు మంజూరు చేస్తాది. చిన్న పని, ఫొటో బాగా వస్తాది. నవ్వుకోకండి, పని అయ్యేది అలాగే.

బలరాముడు నాగలితో గీసి ఈ ఏరు తెచ్చాడంటారు. ఆయన్ని ఎవరూ ఎస్టిమేటు అడగలేదు.

పైడిభీమవరం షిఫ్టు

మేడమ్, నేను మందుల కంపెనీలో సేఫ్టీలో చేస్తాను. కంపెనీ పేరు వద్దు. మాకు సీఎస్ఆర్, అంటే కంపెనీ సామాజిక బాధ్యత సొమ్ము కోసం అర్జీలు కట్టలకొద్దీ వస్తాయి, చాలావరకు మొదటి పేజీలోనే ఆగిపోతాయి. ఎందుకో చెప్తాను.

మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలన్నది చట్టం. పర్యావరణం ఆ జాబితాలో ఉంది. ప్లాంటు చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఉంది. కానీ మీ పదకొండు మందీ రేపే సంఘం రిజిస్టరు చేయించుకున్నా మేం నేరుగా డబ్బివ్వలేం. సంఘానికి ఆదాయపన్ను వాళ్ల 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, సీఎస్ఆర్ పనులకి నమోదైనట్టు సీఎస్ఆర్-1 నంబరు ఉండాలి, అలాంటి పనుల్లో మూడేళ్ల అనుభవం చూపించాలి. అందుకని మీరు డబ్బు అడగకండి, పని అడగండి. కంపెనీయే చేయించి ఆస్తిని కార్పొరేషన్‌కి అప్పగించొచ్చు, నిబంధనల్లో దానికి వీలుంది. కార్పొరేషన్ "మేం తీసుకుంటాం" అని ఒక ఉత్తరం ఇస్తే చాలు, మీ ఫైలు కట్టలో పైకి వస్తుంది.

ఇంకోటి, ఏప్రిల్లో రాకండి. డిసెంబరు, జనవరిలో రండి. మార్చిలోపు ఖర్చు చూపించాలని మావాళ్లు తడుముకుంటూ ఉంటారు.

నెల్లిమర్ల తమ్ముడు

అక్కా, మా ఊరి చెరువుగట్టు కథ వినండి. ఒక కంపెనీ వాళ్లు వచ్చి బల్లలు, లైట్లు, వ్యాయామం సామాను పెట్టారు. రిబ్బను కత్తిరించారు, బూందీ పంచారు. కరెంటు బిల్లు ఎవరిదో మాత్రం ఎవరూ రాసుకోలేదు. నాలుగు నెలలకి ఫ్యూజు పీకేశారు. ఇప్పుడు ఆ వ్యాయామం సామాను మీద చేపల వలలు ఆరేస్తున్నారు. అదీ ఒక ఉపయోగమే అనుకోండి. ఊడ్చేవాళ్లు ఎవరు, బిల్లు ఎవరిది అని ముందే కాగితం మీద పెట్టించండి.

గట్టుమీద టీచరమ్మ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఓవర్సీరు గారు చెప్పినట్టు ఎఫ్ఎంబీ తీయించాను. మేం ఒకటే దారి అనుకున్నది కాగితం మీద అయిదు సర్వే నంబర్లు. మూడు నది పోరంబోకు, ఒకటి గెడ్డ పోరంబోకు. అయిదోది, ఏరుమద్ది చెట్లున్న ముక్క, ఎవరిదో పట్టా భూమి! ఇన్నేళ్లూ పరాయివాళ్ల చెట్ల కిందా నేను ఊపిరి పీల్చుకున్నది?

అందుకని అర్జీని మూడుగా విడగొట్టాను. గెడ్డ మురుగు, చెత్త తీయడం కార్పొరేషన్‌కి పారిశుధ్యం పద్దులో. వంతెన ఎంపీ గారికి. దారి, మొక్కలు, బల్లలు డిసెంబరులో కంపెనీలకి. లైట్లు కొట్టేశాను. మేం తెల్లవారాక నడిచేవాళ్లమే, నెల్లిమర్ల తమ్ముడి ఫ్యూజు గొడవ మాకొద్దు. ఊడ్చే పని నెలకి ఇంత అని మా పదకొండు మందీ వేసుకుని ఒక మనిషిని పెడతామని సంతకాలు చేశాం. పేపరాయన కూడా చేశాడు.

ఒక్క సందేహం. పట్టాదారుని ఏమని అడగాలి? నేల కొనే స్తోమత మాకు లేదు.

పాత ఓవర్సీరు

కొనక్కర్లేదు, నడిచే దారి మటుకు ఒప్పుకుంటే చాలు. గట్టు అంచున రెండు మీటర్లు. ఇచ్చినా పంట నష్టం లేదని చూపిస్తే ఒప్పుకుంటారు, కానీ నోటిమాట వద్దు, కాగితం రాయించండి. దానికి ముందు హద్దు ఎక్కడో తేలాలి, ఏరు కోసుకుపోయి ఉంటే పట్టా నేల కొంత నీళ్లలోనే ఉంటాది. ఆదివారం అయిదున్నరకి కోటేశ్వరుడి గుడి మెట్ల దగ్గర ఉంటాను. గొలుసు నేను తెస్తాను, మీ 30 మీటర్ల టేపు ఇంట్లో ఉంచీయండి.