దేవుడు క్షమించాడు సరే, మనిషికి లెక్క చెప్పక్కర్లేదా?

బెరయ_చదువరి:
అందరికీ వందనాలు. ఈ మధ్య ఒక సాక్ష్యం విన్నప్పటి నుంచి ఈ ప్రశ్న వదలడం లేదు. ఒక బ్రదర్ వేదిక ఎక్కి, వ్యాపారంలో తన భాగస్వామిని ఎలా ముంచాడో వివరంగా చెప్పి, ప్రభువు క్షమించాడు, ఇప్పుడు మనసు తేలికైంది అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. మునిగిపోయిన ఆ భాగస్వామి ఏమయ్యాడని ఒక్కరూ అడగలేదు. ఆయన మనసు కూడా తేలికైందా?

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. దేవుని ముందు ఒప్పుకోవడం ఒక పని, మనిషికి చేసిన నష్టం సరిచేయడం ఇంకో పని. మొదటిది చేశాం కాబట్టి రెండోది మాఫీ అని వాక్యంలో నాకు ఎక్కడా కనబడలేదు. సంఖ్యాకాండం 5వ అధ్యాయంలో తప్పు చేసినవాడు పాపం ఒప్పుకోవాలి, నష్టం మొత్తం కట్టాలి, పైన ఐదో వంతు కలపాలి. లేవీయకాండం 6లో సొంతదారుకి ఇవ్వడం ముందు చెప్పి, బలి సంగతి ఆ తర్వాత చెప్పారు. ఇదంతా పాత నిబంధన అంటారేమో, మత్తయి 5లో యేసు ప్రభువు కూడా అర్పణని బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమన్నారు. లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్య సంగతి సండే స్కూల్ పిల్లలకి కూడా తెలుసు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. మరి మన సాక్ష్యాల్లో ఈ భాగం ఎందుకు వినబడదు?

కృపే_చాలు:
బ్రదర్, మీరు చూపించినవి సగం ధర్మశాస్త్రం. ఐదో వంతు కలపాలంటే బలికి పొట్టేలు కూడా తీసుకురావాలి, అది మాత్రం వదిలేశారు. యేసు ప్రభువు పక్కన సిలువ మీద ఉన్న దొంగ ఎవరికి తిరిగిచ్చాడు? ఏ ఇంటి తలుపు తట్టి క్షమాపణ అడిగాడు? నేడు నాతో కూడా పరదైసులో ఉంటావు అన్నారు, అంతే. షరతు పెట్టలేదు. మీరు పెడుతున్నారు.

ఇంకోటి. ఎఫెసీ 4:28లో పౌలు ఇకమీదట దొంగతనం మాని కష్టపడి పనిచేసి అక్కరలో ఉన్నవాళ్లకి ఇవ్వమన్నాడు. పాతవి లెక్కగట్టి వెనక్కి ఇవ్వమని అక్కడ ఉందా? లేదు. పాతవి గతించెను అంటే గతించాయి, అంతే కదా.

దీపస్తంభం_77:
జక్కయ్య విషయంలో ఒక్క సందేహం. ప్రభువు 5వ వచనంలోనే నీ ఇంట ఉండాలి అన్నారు. నాలుగంతలు మాట 8వ వచనంలో వస్తుంది. అంటే కృప ముందు వచ్చింది. కాబట్టి తిరిగివ్వడం రక్షణకి కారణం కాదు.

బెరయ_చదువరి:
కారణం అని నేను ఎక్కడ అన్నాను? పైన నా మాట మళ్లీ చదవండి. రక్షణకి వెల అనలేదు, రక్షణ పొందినవాడు తప్పించుకోలేని పని అంటున్నాను.

కృపే_చాలు గారూ, ఆ దొంగకి మేకులు కొట్టి ఉన్నాయి, వెళ్దామన్నా వెళ్లలేడు. మనకి కాళ్లూ చేతులూ ఉన్నాయి, ఫోన్ కూడా ఉంది. అయినా ఆ స్థితిలో కూడా అతను మనం చేసినదానికి తగిన ఫలమే పొందుతున్నాం అని పక్కవాడితో అన్నాడు. నెపం ఎవరి మీదా వేయలేదు. బాధ్యత తీసుకోవడంలో మొదటి మెట్టు అదే, అతను చేయగలిగింది అదొక్కటే, చేశాడు.

నిశ్శబ్దశ్రోత:
ఆమేన్.

దీపస్తంభం_77:
కానీ 9వ వచనంలో నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చింది అన్నారు, అది నాలుగంతలు అన్న తర్వాత. అందుకే అడుగుతున్నా, రక్షణ 5వ వచనంలో వచ్చిందా 9వ వచనంలోనా?

ఆలివ్_చెట్టు:
నేను కతోలిక విశ్వాసిని, ఒక మాట చెప్పొచ్చా. మాకు పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకున్నప్పుడు, పాపవిమోచనం దొరుకుతుంది. కానీ దొంగిలించినవాడు దాన్ని తిరిగివ్వాలనే మాకు నేర్పిస్తారు. 1992లో వెలువడిన సత్యోపదేశం, అంటే మా సభ బోధనల గ్రంథం, 1459వ పేరాలో కూడా ఇదే ఉంది, పాపవిమోచనం పాపాన్ని తీసేస్తుంది గానీ పాపం వల్ల జరిగిన చెడునంతా సరిచేయదు అని. ఇందులో గొడవేముందో నాకు అర్థం కాలేదు.

సీయోను_బాట:
పాపాలు ఫాదర్ గారికి చెప్పాలని బైబిల్లో ఎక్కడుంది సిస్టర్? ప్రాయశ్చిత్తం పేరుతో క్రియలు పెట్టబట్టే 1517లో లూథర్ 95 వాదాలు రాయాల్సి వచ్చింది.

ఆలివ్_చెట్టు:
లూథర్ ఆ 95 వాదాల్లో మొట్టమొదటిదే విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగా ఉండాలని. అది కూడా చెప్పండి మరి.

మోడరేటర్:
కతోలిక, ప్రొటెస్టంట్ వాదన వేరే చోట పెట్టుకోండి. ఇక్కడ ప్రశ్న ఒక్కటే, దాని మీదే మాట్లాడండి.

కృపే_చాలు:
సరే, ప్రశ్న మీదే మాట్లాడతాను. పౌలు. యేసును నమ్మినందుకు స్తెఫనును రాళ్లతో కొట్టి చంపుతుంటే, ఆ కొట్టేవాళ్ల వస్త్రాలకి కాపలా ఉన్నాడు. ఇంటింటికీ వెళ్లి స్త్రీలని పురుషులని ఈడ్చుకెళ్లి చెరసాలలో వేయించాడు. తర్వాత స్తెఫను వాళ్ల ఇంటికి వెళ్లాడా? ఆ కుటుంబాలన్నిటినీ వెతికి నష్టం కట్టాడా? అపొస్తలుల కార్యాల్లో ఒక్క వచనం చూపించండి. వెనుక ఉన్నవి మరిచి ముందున్న వాటికోసం వేగిరపడుతున్నాను అన్నాడు. మీ లెక్క ప్రకారం పౌలు జీవితమంతా బాకీలు తీర్చుకుంటూ కూర్చుంటే సువార్త ఎవరు ప్రకటించేవాళ్లు?

బెరయ_చదువరి:
మంచి ప్రశ్నే. వచనం లేదు, ఒప్పుకుంటాను. లేదు కాబట్టి చేయలేదు అనలేం, చేశాడనీ అనలేం. కానీ ఉన్నది చూడండి. కార్యాలు 22:20లో స్తెఫను పేరు పెట్టి, అతని రక్తం చిందించినప్పుడు నేనూ దగ్గర నిలబడి సమ్మతించాను అని తనే చెప్తాడు. నాకు అధికారం ఇచ్చింది ప్రధానయాజకులు, నేను చెప్పినట్టు చేశానంతే అని తప్పించుకోవచ్చు, ఆ పని చేయలేదు. జనం పూజించడానికి దూడ విగ్రహం చేసిన అహరోను చూడండి, బంగారం అగ్నిలో వేశాను, ఈ దూడ బయటికి వచ్చింది అన్నాడు, దూడ దానంతటదే తయారైనట్టు. సౌలు రాజేమో దేవుడు వద్దన్న కొల్లసొమ్ము జనులే తెచ్చారన్నాడు. మన సాక్ష్యాలు చాలావరకు ఈ పద్ధతిలోనే ఉంటాయి, సాతాను నన్ను వాడుకున్నాడు, స్నేహితులు చెడగొట్టారు, పరిస్థితులు అలా వచ్చాయి. నేను చేశాను, ఫలానా మనిషికి చేశాను, ఇంత నష్టం జరిగింది అనే మాట ఎక్కడ?

ఫిలిప్పీలో చెరసాల అధికారి సంగతి నాకు చాలా ఇష్టం. తను నమ్మిన రాత్రి ఆ గడియలోనే, దెబ్బలు తిని చెరలో ఉన్న పౌలు సీలల గాయాలు కడిగాడు, తర్వాత బాప్తిస్మం పొందాడు. ఆ గాయాలు చేసింది అతను కాదు, కొట్టించింది న్యాయాధిపతులు, కాళ్లకి బొండ, అంటే కొయ్య సంకెల, వేసింది మాత్రం అతనే. తన చేతిలో ఉన్నంతవరకు ముందు నీళ్లు తెచ్చి కడిగాడు. అంతకు మించి నేను ఎవరినీ అడగడం లేదు.

తెల్లవారుజాము:
చాలా రోజులుగా చదువుతున్నాను గానీ ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాయాలనిపించింది.

మా నాన్న పోయాక ఇంటి వ్యవహారాలన్నీ అన్నయ్యే చూశాడు. సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టాను, చదవలేదు, అన్నయ్య కదా. నాకు రావాల్సింది ఎప్పుడు కరిగిపోయిందో కూడా తెలియదు. తర్వాత అన్నయ్య మారుమనసు పొందాడు. నిజంగానే మారాడు, తాగుడు మానేశాడు, వదినని పిల్లల్ని బాగా చూసుకుంటున్నాడు, అందుకు దేవుణ్ణి స్తుతిస్తాను. కానీ ఒకసారి, అన్నయ్యా ఆ కాగితాలు కూర్చుని చూద్దామా అని అడిగితే, అదంతా పాత జీవితం, ప్రభువు తుడిచేశాడు, నువ్వెందుకు తవ్వుతున్నావు అన్నాడు. వారం తిరక్కుండా మా సంఘ పెద్ద ఒకరు నాకు ఫోన్ చేసి డెబ్బై ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, క్షమించాలమ్మా అని వాక్యం చెప్పారు. అన్నయ్యకి కూడా ఫోన్ చేశారా అని అడిగాను. చేయలేదట.

కృపే_చాలు గారూ, మీరు చెప్పే వచనాలన్నీ నేను విన్నాను. నాకే చెప్తారు, నష్టం చేసినవాళ్లకి చెప్పరు.

కృపే_చాలు:
సిస్టర్, మీ బాధ అర్థమవుతోంది, కానీ ప్రేమతో ఒక మాట. చేదైన వేరు ఏదీ మొలవకుండా చూసుకోమని హెబ్రీ 12లో ఉంది. ఆస్తి పోయినా ఆత్మ నిలబడాలి. కొరింథులో సహోదరులు కోర్టుకెక్కితే, అంతకంటే అన్యాయం సహించడం మేలు కాదా అని పౌలు అడిగాడు.

తెల్లవారుజాము:
నేను కోర్టు అన్నానా? కాగితాలు చూద్దాం అన్నాను.

బెరయ_చదువరి:
కృపే_చాలు గారూ, ఇది చాలా అన్యాయం. పౌలు ఆ మాట అన్న మరుసటి వచనంలోనే మీరే అన్యాయం చేస్తున్నారు, మీ సహోదరులకే చేస్తున్నారు అని అవతలివాళ్లని నిలదీశాడు. 1 కొరింథీ 6:7 చదివి 8 దగ్గర ఆపేస్తే ఎలా? నష్టపోయిన మనిషిని పట్టుకుని నీలో చేదు ఉంది అనడం, నష్టం చేసినవాడితో నీకు సమాధానం ఉంది అనడం, దీన్ని కృప అంటారా మీరు? మీలాంటివాళ్ల వల్లే జనం సంఘాలు వదిలి వెళ్లిపోతున్నారు.

కృపే_చాలు:
మీలాంటివాళ్లు అంటే ఎవరు? నా గురించి మీకేం తెలుసు?

అడిగారు కాబట్టి చెప్తున్నాను. నేను ఒక కుటుంబానికి బాకీ పడ్డాను. రక్షణ పొందాక వాళ్ల ఇంటికి వెళ్లి తలదించుకుని నిలబడ్డాను, వడ్డీతో సహా అంతా తీర్చాను. మీరు చెప్పే నీళ్లు తెచ్చి గాయాలు కడగడం నేను చేశాను. తర్వాత ఏమైంది? ఏ కూడికకి వెళ్లినా, వీడు తెలుసా, ఫలానావాళ్లని ముంచినవాడు అనే పరిచయం. నా భార్యకి చెప్పారు, పిల్లల ముందు అన్నారు. ఇంకేం చేయాలి అని వాళ్లనే అడిగాను. డబ్బు ఇచ్చేస్తే సరిపోతుందా అన్నారు. ఏం చేస్తే సరిపోతుందో మాత్రం చెప్పలేదు. జక్కయ్యకి నాలుగంతలు అని ఒక లెక్క ఉంది. నాకు లెక్కే లేదు, ఇస్తూనే ఉండాలి. ఆ రోజుల్లో టెన్షన్ తో నిద్రపట్టేది కాదు. కృప ఒక్కటే నన్ను నిలబెట్టింది. అందుకే ఎవరైనా బాధ్యత, బాధ్యత అంటే నాకు మళ్లీ ఆ గుమ్మం ముందు నిలబడ్డట్టే ఉంటుంది.

నిశ్శబ్దశ్రోత:
ప్రభువు మీ కుటుంబాన్ని ఆదరించును గాక బ్రదర్.

బెరయ_చదువరి:
ఇప్పుడు అసలు విషయం బయటికొచ్చింది. తిరిగివ్వాలా వద్దా అన్నది మన గొడవ కాదు, మీరే ఇచ్చారు. తీరిపోయింది అని చెప్పే అధికారం ఎవరిది అన్నది గొడవ. నేనైతే నష్టపోయినవాళ్లదే అంటాను. మీకు జరిగింది తప్పే, కానీ ఒకరు ఆ అధికారాన్ని దుర్వినియోగం చేశారని అందరి దగ్గరా దాన్ని లాక్కోలేం కదా.

కృపే_చాలు:
మనిషి చేతిలో పెడితే ఎప్పటికీ తీరదు. సమాప్తమైనది అనే మాట క్రీస్తుది. ఆ అధికారం నేను ఏ మనిషికీ ఇవ్వను.

తెల్లవారుజాము:
కృపే_చాలు గారూ, మీకు జరిగింది చదివాను. తీర్చాక కూడా అలా చేయడం ఘోరం. మా అన్నయ్యని నేను ఎప్పుడూ అలా చేయను, చేయకూడదు కూడా.

కానీ డెబ్బై ఏళ్ల మారులు అన్న వచనం తర్వాత ప్రభువు చెప్పిన ఉపమానం చూడండి, మత్తయి 18:23. ఒక రాజు తన దాసుల దగ్గర లెక్క చూసుకోవాలనుకున్నాడు. ఒక దాసుడి అప్పు పదివేల తలాంతులు, అంటే తీర్చలేనంత పెద్ద మొత్తం, అని తేలింది. ఆ దాసుడు సాగిలపడ్డాడు, తర్వాతే రాజు అప్పంతా వదిలేశాడు. లెక్క చూడకుండా మాఫీ చేయలేదు. నాకు ఎంత రావాలో నాకే తెలియనప్పుడు నేను దేన్ని క్షమించాలి? కాగితాలు ముందుంటే బహుశా అక్కడికక్కడే వదిలేస్తానేమో, మా అన్నయ్య పిల్లలంటే నాకు ప్రాణం. వదిలేసే ఆ అవకాశం కూడా నాకు లేకుండా చేశారు, నా తరఫున వాళ్లే వదిలేశారు. నా బాధంతా అదే.

దీపస్తంభం_77:
ఈ వచనం ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు.

కృపే_చాలు:
సిస్టర్, లెక్క చూడటం వరకు మీతో ఉంటాను. చేదు వేరు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, అది మీకు చెప్పాల్సింది కాదు. కానీ ఒక్కసారే చూడాలి, రాసుకోవాలి, ఇద్దరూ ఒప్పుకోవాలి, ఆ తర్వాత ఎవరూ ఎత్తకూడదు. బెరయ_చదువరి గారు దీనికి ఒప్పుకుంటారా? నష్టపోయినవాళ్లు తృప్తి పడేదాకా అంటే మాత్రం నేను ఒప్పుకోను.

బెరయ_చదువరి:
రాసుకోవడానికి ఒప్పుకుంటాను. ఎత్తకూడదు అన్నది మాత్రం నష్టపోయినవాళ్లు మనసారా ఇవ్వాలి, ఒప్పందంలో రాయించుకుంటే రాదు. అక్కడ మీరూ నేనూ కలవలేం అనుకుంటా.

తెల్లవారుజాము గారూ, అదే అధ్యాయం 15, 16 వచనాలు చూడండి. ఒంటరిగా వెళ్లి మాట్లాడటం మీరు చేసేశారు. ఇక ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి. మీకు ఫోన్ చేసిన పెద్దాయన వస్తారా?

తెల్లవారుజాము:
ఆయన రారు, వచ్చినా నాకే వాక్యం చెప్తారు. అన్నయ్యకి నమ్మకం ఉన్న మనిషి కావాలి. వదినకి ఈ సంగతి సగమే తెలుసు. ఈ వారం ముందు తనతో మాట్లాడతాను.