మూర్తిమత్వమా, మూర్తిమత్త్వమా?

అక్షరతూనిక: పర్సనాలిటీకి మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్‌పోర్ట్ 1937లో ఇచ్చిన నిర్వచనం తెలుగులో చదివిన జ్ఞాపకం. "వ్యక్తిలోని మనోదైహిక వ్యవస్థల గతిశీల వ్యవస్థీకరణమే మూర్తిమత్వం" అని ఉండేది. మధ్యలో ఒక ముక్క జారిపోయింది. ఎవరికైనా గుర్తుందా?

పాతప్రతి: "పరిసరాలకు తనదైన రీతిలో సర్దుబాటు కావడాన్ని నిర్ణయించే" అని ఉండాలి. 1961లో ఆయనే దాన్ని తీసేసి "విలక్షణ ప్రవర్తనను, ఆలోచనను" అని మార్చుకున్నాడు. మీరు చదివింది ఏదో చూసుకోండి. అన్నట్టు, అది మూర్తిమత్త్వం. మూర్తిమత్ శబ్దానికి త్వ ప్రత్యయం చేరితే ఒక తకారం ఎక్కడికి పోతుంది? సత్త్వం, మహత్త్వం ఎలాగో ఇదీ అంతే.

వాడుకబడి: తత్త్వాన్ని తత్వమని రాస్తున్నాం కదండీ, దీనికి మాత్రం పట్టింపు ఎందుకు? నాకు అసలు ఆ మాటతోనే పేచీ. చక్కగా వ్యక్తిత్వం ఉండగా ఇది దేనికి?

పాతప్రతి: "ఆమె వ్యక్తిత్వం ఉన్న మనిషి" అంటే మెచ్చుకోలు. శాస్త్రానికి మెప్పూ తెగడ్తా లేని మాట కావాలి. శీలమంటే విలువ కట్టిన మూర్తిమత్త్వమే అని ఆల్‌పోర్ట్ అన్నది ఇందుకే.

వాడుకబడి: మూర్తి అంటే ఆకారం. లాటిన్ పెర్సొనా నటుడి ముఖాన ఉండే తొడుగు కనుక దానికి సరిపోతుందేమో, లోపలి మనిషికి సరిపోదు. "ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు" అన్న వేమన పోలికతో ఆగాడా? "చూడ చూడ రుచుల జాడ వేరు" అన్నాడు. మనకు కావలసింది ఆ రుచికి పేరు. రెండుసార్లు "చూడ" అనడంలో ఎంత ఓపిక ఉందో గమనించండి! పైచూపుకు అందనిది పరిశీలనకు అందుతుందని ఒక్క మాటను మళ్లీ పలికి చెప్పాడు.

నడిరేయి: పద్యం బాగుంది. నన్ను బాధించేది మాత్రం ఫ్రాయిడ్ చెప్పిన ఇడ్‌కు మనం పెట్టుకున్న అచిత్తు అనే పేరు. ఫ్రాయిడ్ 1923లో జర్మన్‌లో రాసింది "అది", "నేను" అనే ఇంటి మాటలే. ఇంగ్లీషువారు ఇడ్, ఈగో అని లాటిన్ తొడిగారు, మనం అచిత్తు, అహం అని సంస్కృతం తొడిగాం. పైగా విశిష్టాద్వైతంలో అచిత్తు అంటే జడం. కోరికలు ఉడికే చోటును జడం అనడం ఎలా?

పాతప్రతి: అక్కడ అచిత్తు అంటే అచేతనమని, అంటే మన ఎరుకకు అందనిదని తీసుకోవాలి.

నడిరేయి: అప్పుడు ఇంకా చిక్కు. అహంలోనూ, అధ్యహం (సూపర్ ఈగో)లోనూ అచేతన భాగం ఉందని ఫ్రాయిడే చెప్పాడు. ఆ పేరు ఒక్కదానికే ఎలా చెల్లుతుంది? "అది" అంటే చాలదూ?

అక్షరతూనిక: పాతప్రతి గారూ, నాకు గుర్తున్న వాక్యంలో "సర్దుబాటు" ఉంది, కనుక 1937దే. కానీ "తనదైన" కాదు, "అద్వితీయ" అని ఉన్నట్టుంది. మరొక్కసారి చూస్తారా?